గృహిణీ సంభాషణము: అడుగు క్రింది ఆలంబనము

గత మాసమున ఈ పుటలో మేము చింతపండును మిరపకాయలను వానకాలమున పాడుగాకుండ నిలువచేయు విధమును ముచ్చటించితిమి. ఈ మాసమున వంటయింటి గడప దాటి వీధిలోనికిని, వీధినుండి విశ్వవిద్యాలయపు చెట్లనీడలోనికిని మిమ్ము తోడ్కొని పోదలచితిమి. సంశయింపవలదు, వ్యాసము ముగియులోపల మరల వంటయింటికే వచ్చి చేరుదుము. అసలు సంగతి తేలినదియు నక్కడనే.

విషయము చూచుట కతిస్వల్పము. దూరపు పరుగు పరుగెత్తువారు బూటులోపల పాదము క్రింద పరచుకొను మెత్త. అంగడిలో దీనిని ఇన్‌సోల్ అని యడుగవలెను. ఇచట మేము లోపలి మెత్త యని వ్రాయుదుము. ఇంత చిన్న వస్తువునకు ఇన్ని పుటలా యని కొందరు నవ్వవచ్చును. కాని మా పొరుగింట ఒక సంవత్సరకాలము జరిగిన వాదమంతయు ఈ మెత్తను గూర్చియే. ఆ వాదమున నోడినదియు గెలిచినదియు నొక యిల్లాలి పాదము.

మేము తార్నాకలో కాపురముండి పండ్రెండేండ్లైనది. నిజాము ప్రభువుల కాలమున నిచట నొక జమీందారీ కుటుంబమువారి మామిడితోట యుండెడిదనియు, దాని చుట్టును ముండ్లతీగ గట్టి ద్వారమున కాపలా నాకా నుంచిరనియు, ఆ తారును ఆ నాకాయు గలిసి తార్నాక యైనదనియు పెద్దలు చెప్పుదురు. నేడు తోటయు లేదు, తీగయు లేదు. 2017వ సంవత్సరము నవంబరు మాసము మొదలు మెట్రో రైలు మన తలలమీదుగా పోవుచున్నది. అయినను కూడలినుండి కొంత నడచి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణములో నడుగిడితిమా, పట్టణము వెనుకబడి చెట్లగాలి ముఖమునకు తగులును. 1918లో స్థాపింపబడిన ఆ విద్యాలయమునకు నేటికిని ముఖమువంటిది ఆర్ట్సు కళాశాల భవనము. అది 1939లో ప్రారంభమైనది. దాని ముందరి విశాలమైన త్రోవలపై తెల్లవారుజామున ఐదు గంటలకే జనము చేరుదురు. చేతికఱ్ఱతో నడచు వృద్ధులు, పోలీసు కొలువుల పరీక్షకై రొప్పుచు పరుగెత్తు పిల్లలు, చీరకుచ్చెళ్లు బొడ్డున దోపి బూట్లతో వడివడిగా నడచు మనవంటి యిల్లాండ్రు, అందరును అచటనే.

మా ప్రక్క వాటాలోని యిల్లాలును అట్లే నడకతో మొదలు పెట్టినది. ఆమె పేరు వ్రాయుట కామెకిష్టము లేదు. వయస్సు 42. ఇద్దరు బిడ్డలు, మధుమేహముతో నున్న అత్తగారు, కార్యాలయమునకు పోవు భర్త. రెండేండ్ల క్రిందట రక్తపరీక్షలో చక్కెర హద్దుమీద నున్నదని తేలగా, వైద్యుని మాటపై నడక యారంభించినది. ఆరు మాసములలో నడక పరుగైనది. ఒకనాడు మా పెరటిగోడ దగ్గర నిలిచి, "దినమున కిరువదినాలుగు గంటలలో ఆ యొక్క గంటయే నాది, వదినగారూ" యని యామె చెప్పిన మాట మేము మరువలేదు. మన నగరమున ఏటేట ఆగస్టు మాసమున హైదరాబాదు మారథాను పరుగు జరుగును గదా. అందు పూర్తి దూరము 42 కిలోమీటర్లకు పైని. సగము దూరము 21 కిలోమీటర్లకు పైని. 10 కిలోమీటర్ల పరుగును గలదు. మా పొరుగామె సగము దూరమునకు పేరు వ్రాయించుకొన్నది.

ఇంటిలో ఈ సంగతి విన్నవారందరును ఒకే మాట యనిరి. "ఈ వయస్సున ఆడదానికి పరుగులేమిటి?" ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1928లో ఆంస్టర్‌డాం ఒలింపిక్సులో స్త్రీలు 800 మీటర్ల పరుగు పరుగెత్తిరి. అంత దూరము స్త్రీల శరీరమునకు తగదని పెద్దలు తీర్మానించి, ఆ పందెమును 1960 వరకు మరల పెట్టలేదు. స్త్రీల మారథాను ఒలింపిక్సులో మొదటిసారి జరిగినది 1984లో, లాస్ ఏంజిలెస్ నగరమున. జోన్ బెనాయిట్ అను అమెరికా వనిత గెలిచినది. లోకమంతట పెద్దలు అరువదేండ్లు పట్టి నేర్చిన పాఠమును మా పొరుగింటివారు రెండు మాసములలో నేర్వలేదని మేము తప్పు పట్టము.

తప్పు మరియొకచోట నున్నది. మే మాసమున ఆమెకు కుడిమడమ నొప్పి యారంభమైనది. నిద్రలేచి మంచము దిగి మొదటి యడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లుండునట. పది యడుగులు వేసిన పిమ్మట సర్దుకొనును. మరల సాయంకాలమునకు పోటు. ఆమె ఈ మాట నెవరికిని చెప్పలేదు. చెప్పినచో "మేమనలేదా" యని ఆ యొక్క గంటయు లాగికొందురని భయము. రెండు మాసములు పండ్లు బిగబట్టి పరుగెత్తినది. మంచము దిగునపుడు గోడ పట్టుకొనుట అత్తగారు చూచి యడిగిన, కాలు తిమ్మిరెక్కినదనెడిది. ఎందరు స్త్రీలు ఇట్లు నొప్పిని కొంగున ముడివేసికొని తిరుగుచున్నారో మీకు తెలియనిది గాదు. తలనొప్పి చెప్పిన పని తప్పించుకొనుటకందురు. కాలునొప్పి చెప్పిన నడక మానుమందురు. కావున చెప్పనే చెప్పము.

తుద కామె మాతో చెప్పినది, చెప్పి, "బూటులో నేదో మెత్త పెట్టుకొన్న తగ్గునట, వదినగారూ; మీరు తోడు వత్తురా?" యని యడిగినది. ఇద్దరమును కలిసి పోతిమి. పేరు చెప్పనేల, ఆ యంగడివాడు ఆమె పాదమును గాజుపలకపై నుంచి రంగురంగుల బొమ్మ చూపి, "మీ పాదము చదునైనది, మీకొరకే ప్రత్యేకముగా చేయించిన మెత్త లేనిచో మోకాళ్లు పోవును, 6,000 రూపాయలు" అనెను. ఆమె ముఖము వాడిపోయినది. ఆ సొమ్ము కొడుకు చదువునకైన మారుమాట లేక యిచ్చును. తన పాదమునకన చేయి రాదు. మేము "రేపు చెప్పుదు" మని బయటికి వచ్చి, మరునాడు ఎముకల వైద్యుని యొద్దకు పోతిమి. అచట విన్నదియు, ఆ తరువాత మేము చదివి తెలిసికొన్నదియు ఇచట వ్రాయుచున్నాము.

ఆర్ట్సు కళాశాల ముఖద్వారమున నెత్తైన కమాను నెరిగినవారికి పాదముయొక్క నిర్మాణము సులభముగా బోధపడును. మన పాదమున 26 ఎముకలున్నవి. అవి చదునుగా పేర్చినవి గావు. లోపలివైపున కమానువలె నెత్తి కట్టినవి. రాతి కమాను కదలదు. పాదపు కమాను అడుగడుగునకు వంగి మరల లేచును. వంగిన కమాను విరిగిపోకుండుటకు మడమనుండి వ్రేళ్ల మొదలు వరకు అరికాలి క్రింద నొక బలమైన నరపుపట్టీ గలదు. విల్లునకు నారి యెట్లో పాదమునకీ పట్టీ యట్లు. బొటనవ్రేలు పైకి లేచినపుడెల్ల నారి బిగిసి కమాను లేచును. మీరు కూర్చుండి చేతితో బొటనవ్రేలిని పైకెత్తి చూచినచో అరికాలి యందు త్రాడు బిగిసినట్లు కనుపించును. పరుగున ఒక్కొక్క యడుగునకు పాదముపై శరీరపు బరువునకు రెండు మూడింతలు పడును. నెమ్మదిగా పరుగెత్తువారికి కిలోమీటరునకు వెయ్యికి మించి యడుగులు పడును. ఇక 21 కిలోమీటర్లకు లెక్క మీరే కట్టుడు. అలవాటు లేని పాదమునకు అకస్మాత్తుగా దూరము పెంచినచో నారి మొదలు, అనగా మడమయొద్ద, నలిగి నొప్పి పుట్టును. దానినే వైద్యులు ప్లాంటార్ ఫేషియైటిస్ అందురు. పరుగెత్తువారికే గాక, గట్టినేలపై గంటలకొలది నిలిచి పనిచేయువారికిని, బరువు పెరిగినవారికిని ఇది సామాన్యముగా వచ్చును. ఈ వాక్యమును గుర్తుంచుకొనుడు. మరల దీనితో పని గలదు.

లోపలి మెత్త చేయునదేమి? కమాను క్రిందికి కొంత ఆనిక యిచ్చి, మడమపై పడు బరువును పాదమంతటికి పంచును. నారిపై లాగుడు కొంత తగ్గును. అంతియే. అది మందు గాదు, ఆలంబనము. లేగతీగకు పందిరిగుంజ వంటిది. గుంజ పాతినంత మాత్రమున తీగకు నీరు పోయకుండ నుందుమా? బజారులో ముఖ్యముగా మూడు రకములు దొరకును. ఒకటి, స్పంజివలెనో జిగురువలెనో మెత్తగా నుండునది. ఇది అదురును తగ్గించును గాని కమానును మోయదు. రెండవది, కమాను క్రింద గట్టిగాను మడమయొద్ద గిన్నెవలెను మలచినది. దూరపు పరుగువారు ఆలంబనమునకు కోరవలసినది ఇదియే. మూడవది, పాదపు అచ్చుతీసి ప్రత్యేకముగా చేసినది. వీని వెల కొన్ని వందల రూపాయలు మొదలు కొన్ని వేల వరకు గలదు. సామాన్యమైన మడమనొప్పికి సిద్ధముగా నమ్ము గట్టి మెత్తకును, అచ్చుతీసి చేయించిన దానికిని గుణమున పెద్ద భేదము లేదని వైద్యపరిశోధనలలో తేలినది. పాదమున నంగవైకల్యము గలవారికిని, స్పర్శ తగ్గినవారికిని, వైద్యుడు వ్రాసి యిచ్చినవారికిని మూడవ రకము ముఖ్యము. తక్కినవారు 6,000 రూపాయలకు బెదరవలసిన పని లేదు.

మరి చదునుపాదము? తడి పాదముతో సిమెంటు నేలపై నడుగిడి చూచుకొనుట మనకందరకు తెలిసినదే. పాదమంతయు ముద్ర పడినచో చదునందురు. మా వారు పాఠశాలలో పిల్లల కీ ముచ్చట చూపగా సగము తరగతి తమకు రోగమున్నదని యేడ్చిరట! చదునుపాదము రోగము గాదు. నొప్పి లేనిచో చదునైన పాదమునకును మెత్త యక్కరలేదు. మడమ క్రింద నెముక కొమ్మువలె పెరిగినదని ఛాయాచిత్రమున చూచి హడలిపోవు వారును గలరు. ఏ నొప్పియు లేనివారికిని ఆ కొమ్ము పలువురి కుండును.

వైద్యుడు మా పొరుగామె బూట్లు చూడగోరెను. ఆమె సిగ్గుపడుచు చూపినది. అవి కొడుకు విడిచిన బూట్లు! వానికి పాదము పెరిగి పనికిరాకపోగా, పారవేయనేల యని ఈమె ముందు కొంత దూది కూరి తొడుగుచున్నది. మడమ ప్రక్క నొకవైపున అరిగి వాలిపోయినవి. మన యిండ్లలో ఇది యెంత పరిపాటి! అన్నము మిగిలిన తల్లికి, చీర వెలిసిన తల్లికి, బూటు అరిగిన తల్లికి. వాలిన బూటులో వేయి రూపాయల మెత్త పరచుట, కూలు గోడకు సున్నము పూసినట్లే యని వైద్యుడు నవ్వెను. కావున మొదట బూట్లు, పిమ్మట మెత్తలు కొనబడినవి. ఆ విధములను సోదరీమణుల ఉపయోగార్థము క్రమముగా చెప్పుదుము.

బూట్లు కొనుటకు సాయంకాలము పొండు. దినమంతయు తిరిగిన పాదము కొంచెము ఉబ్బియుండును, పరుగునను అట్లే యుబ్బును. మీరు తొడుగు మేజోళ్లతోడనే తొడిగి చూడుడు. పొడుగైన వ్రేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. రెండు పాదములు సమముగా నుండవు, పెద్దదానికి సరిచూచుకొనుడు. లోపలి మెత్త వేయుటకు ముందు బూటుతో వచ్చిన పలుచని మెత్తను తీసివేయవలెను. దానిపై దీనిని వేసినచో పాదము పైకిలేచి మడమ జారును, వ్రేళ్లు నలుగును. క్రొత్తది పొడుగైనచో పాతదానిని పైన నుంచి గీతగీసి, వ్రేళ్లవైపున మాత్రము కొద్దికొద్దిగా కత్తిరింపుడు. మడమవైపు కత్తెర తగులరాదు. నొప్పి యొక పాదమునకే యైనను రెండింటను వేయుడు. మొదటిదినమే పరుగు వలదు. ఇంటిలో గంట, రెండవనాడు రెండు గంటలు, ఇట్లు వారము పదిదినములు నడకలో నలవాటు చేసి, పిమ్మట చిన్నపరుగున వాడుడు. కమాను క్రింద కొత్తగా నేదో ఒత్తుచున్నట్లు తోచుట సహజము. బొబ్బ లేచినను, మోకాలికో తుంటికో కొత్త నొప్పి వచ్చినను, తిమ్మిరెక్కినను అది మీకు తగిన మెత్త గాదు, తీసివేయుడు. చెమట పట్టినపుడు బయటికి తీసి నీడను ఆరబెట్టుడు. ఎండలోను పొయ్యియొద్దను పెట్టినచో వంకర పోవును. పరుగు బూట్లు ఇంచుమించు 500 మొదలు 800 కిలోమీటర్ల వరకు వచ్చును. ఆపై చూపునకు బాగున్నను లోపల చచ్చియుండును.

మెత్తకు తోడు చేయవలసిన సాధనమును గలదు. ఇది లేనిదే మెత్త వ్యర్థము. తెల్లవారి మంచము దిగకముందే కూర్చుండి, నొప్పి పాదమును రెండవ మోకాలిపై నుంచి, చేతితో వ్రేళ్లను మీదికి లాగి, అరికాలి నారి బిగిసినట్లు తెలిసినంతట పదివరకు లెక్కించి విడువవలెను. ఇట్లు పదిమార్లు, దినమునకు మూడుపర్యాయములు. నొప్పి కొంత శాంతించిన పిమ్మట, చుట్టిన తువాలును మెట్టుపై వ్రేళ్ల క్రింద నుంచి, గోడ పట్టుకొని, మడమను మెల్లగా పైకెత్తి మెల్లగా దింపుట దినము విడిచి దినము చేయవలెను. ఇది నారికి బలమిచ్చును. పరుగుదూరము తగ్గింపక తప్పదు. చాలమందికి కొన్ని మాసములలో నయమగును. ఒకొకరికి ఏడాది పట్టును. ఎముకమీద ఒక్కచోట వ్రేలు పెట్టిన పోటెత్తినను, వాపున్నను, రాత్రి నిద్రలోను నొప్పి వదలకున్నను, తిమ్మిరి గలిగినను మెత్తలతో కాలము గడపక వైద్యునికి చూపుకొనుడు.

ఇంత చేసినను మా పొరుగామెకు మూడువారములు గడచినను గుణము కానరాలేదు. మెత్త వట్టి మోసమని ఇంటివారనిరి. మాకును అనుమానము కలిగినది. అపుడు మేము కూర్చుండి ఆమె దినచర్య లెక్కవేసితిమి. బూట్లలో ఆమె యుండునది గంట. తక్కిన కాలము? ఉదయము ఆరు మొదలు పది వరకు వంటయింటి రాతిపలకలపై వట్టికాళ్ల నిలుచును. మరల సాయంకాలము నాలుగు గంటలు. గంట ఆలంబనము, ఎనిమిది గంటలు గట్టినేల! గుర్తుంచుకొనుడని పైన చెప్పిన వాక్యము జ్ఞాపకమున్నదా? నేరము విశ్వవిద్యాలయపు త్రోవది మాత్రమే గాదు, వంటయింటి పలకదియు.

"మన అమ్మమ్మలు జన్మమంతయు వట్టికాళ్ల నడువలేదా?" యని మీరందురు. నిజమే. 1960లో రోము నగరమున అబేబే బికీలా అను ఇథియోపియా వీరుడు వట్టికాళ్లతో మారథాను గెలిచెను గూడను. కాని యతని పాదములు బాల్యమునుండి యా విధముగా కాచినవి. మన అమ్మమ్మలు నడచినది పేడ అలికిన మట్టినేలపై, పొలముగట్లపై. నేడు మనము నిలుచునది ఇసుమంతయు నీయని పాలరాతిపై. నేల మారినది, ఆచారము మారలేదు.

మడమకు ఆనిక గల మెత్తని చెప్పులు ఇంటిలోను తొడుగవలెనని వైద్యుడు చెప్పగా పెద్దావిడ ససేమిరా యనిరి. "ఈ యింట వంటగదిలో చెప్పు అడుగు పెట్టలేదు, నేనుండగా పెట్టదు" అనిరి. ఆమెను తూలనాడ మాకు నోరు రాదు. మేమును మడిగట్టు యింట పుట్టినవారమే. వినగానే మాకును గుండె ఝల్లుమన్నది. రామాయణమున భరతుడు అన్నగారి పాదుకలను సింహాసనమున నుంచి పదునాలుగేండ్లు కొలిచిన కథను మేము తండ్రిగారి యొద్ద చదివినపుడు కన్నీరు పెట్టుకొంటిమి. పాదుకకు పట్టము గట్టిన జాతివారము, ఇల్లాలి పాదమునకు మాత్రము గడపలో నడ్డుపడుచున్నామే యని ఆనాడు తోచినది. అయినను పెద్దావిడతో వాదింప ధైర్యము చాలక యూరకుంటిమి.

మా ధైర్యము చేయలేని పని యొక బొబ్బ చేసినది. ఒక మిట్టమధ్యాహ్నము పెద్దావిడ గుడికి పోయి, కాలిన బండలపై ప్రదక్షిణములు చేసి వచ్చిరి. సాయంకాలము కోడలు గచ్చుపై తడి మరకలు చూచి, ఎవరు నీరొలకబోసిరా యని వెదుకగా, అవి అత్తగారి యడుగులు. అరికాలంత బొబ్బ లేచి చితికినది. ఆమెకు నొప్పియే తెలియలేదు! పదునాలుగేండ్ల చక్కెరవ్యాధి పాదములలోని స్పర్శను మెల్లగా హరించినది. కోడలికి నొప్పి యెక్కువయైనది, అత్తకు నొప్పి లేకపోయినది. ఈ రెండింటిలో నేది ప్రమాదమో ఆనాడు మాకు తెలిసినది. పుండు మానుటకు రెండు మాసములు పట్టినది. వేలు తీయకుండ గడచినది పుణ్యమని వైద్యులనిరి.

ఆ వైద్యులు పెద్దావిడకు ఇంటను బయటను మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు తొడుగవలెనని శాసించిరి. ఈ చెప్పుల కథయు తెలిసికొనదగినది. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పాల్ బ్రాండ్ అను వైద్యుడు కుష్ఠురోగులకు చికిత్స చేయుచు, వారి పాదములు పుండ్లుపడుటకు రోగమొక్కటియే గాక, నొప్పి తెలియమి గూడ కారణమని కనుగొనెను. నొప్పి తెలిసినవాడు కుంటి, కాలు మార్చి, పాదమును కాపాడుకొనును. తెలియనివాడు గాయముపైననే నడచును. అందుచే సన్నని గాలిగదులు గల రబ్బరుతో, బరువును పాదమంతటికి పంచునట్టి అట్టలను చెప్పులలో నేర్పరచిరి. నేడు మనదేశమున చక్కెరవ్యాధిగ్రస్తులకు చెప్పుచున్నది ఆ రబ్బరే. చూచితిరా, పరుగుకాండ్ర బూటులోని మెత్తకును, ముదుసలి చెప్పులోని మెత్తకును ధర్మమొక్కటియే: బరువొకచోట పడనీయకుండుట.

చక్కెరవ్యాధి గల సోదరీమణులు దయచేసి ఇంటిలోనైనను వట్టికాళ్ల నడువవలదు. రాత్రి పండుకొనుటకు ముందు అరికాళ్లు అద్దములో చూచుకొనుడు, లేదా బిడ్డలచే చూపించుకొనుడు. చెప్పులు తొడుగుటకు ముందు లోపల చేయి పెట్టి చూడుడు. చిన్నరాయియు మీకు తెలియదు. గుడికి బండలు కాలకముందే ఉదయమున పొండు. లోపల మేజోళ్లు తొడుగుకొనుడు.

పెద్దావిడ రెండు దినములు మాటలాడలేదు. మూడవనాడు తన క్రొత్త చెప్పులను కుంకుడుకాయ రసముతో కడిగించి, అవి ఇల్లు దాటి బయటికి పోరాదని కట్టడి చేసి, వంటయింటిలోనికి తొడిగి నడచిరి. పిమ్మట కోడలిని పిలిచి, "నావి లోపలికి వచ్చిన తరువాత నీవేమి పాపము చేసినవి? నీవియు కడిగి తెచ్చుకో" అనిరి. అంతియే. ఇప్పుడా గడపలోపల రెండు జతలున్నవి. పూజగది యొద్ద విడుతురు. మడికి వచ్చిన లోపమేమియు మాకు కానరాదు.

ఆ యేడు ఆగస్టున మా పొరుగామె పరుగెత్తలేదు. పేరు వ్రాయించుకొన్న సొమ్ము పోయినది. ఆ ఉదయము ఇంటనే యుండి, కొంతసేపు కన్నీరు పెట్టుకొని, దోసెలు పోసినది. శీతకాలమునకు నొప్పి తగ్గినది. అప్పుడు రెండు నిమిషములు పరుగు, రెండు నిమిషములు నడకగా, కళాశాల ముందరి చెట్లక్రింద మరల మొదలు పెట్టినది. ఈ యేడు 10 కిలోమీటర్లు పరుగెత్తినది. సగము దూరము వచ్చే యేటికట. ఇప్పుడు నొప్పి కొంచెము పొడసూపినను ఆమె దాచుట లేదు. ఉదయముననే అత్తగారు, "మడమ యెట్లున్నదే?" యని యడుగుదురు, "మీ అరికాలు చూపుడు" అని ఆమె బదులు చెప్పును.

సోదరీమణులారా, మెత్త కొనుడు, మానుడు; అది మీ పాదము నడిగి చేయుడు. కాని నొప్పిని మాత్రము దాచకుడు. దాచిన నొప్పికి ఏ యంగడిలోను మెత్త దొరకదు. ఈ రాత్రి పని ముగిసిన పిమ్మట అయిదు నిమిషములు కూర్చుండి మీ పాదములను, మీ యింటి పెద్దవారి పాదములను దీపమునొద్ద చూడుడు. వచ్చు మాసమున ఆవకాయ జాడీల సంగతి ముచ్చటింతుము.